మూడడుగుల లంక మన్ను

గోదావరి జిల్లాల చరిత్ర తిరగేస్తే అది దాదాపు అంతా నీటి చరిత్రే. 1832-33లో నందన కరువు, 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన, ఊళ్లకు ఊళ్లే వలసపోయిన రోజులు, తర్వాత ఆర్థర్ కాటన్ రాక, 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలై 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట, ఆనకట్ట వెంట కాలువలు, కాలువల వెంట వరి. రాజమండ్రి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలున్న జనం 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయారన్న లెక్క ఈ కథకు ఆయువుపట్టు. ఆ లెక్కను కాదనే పని లేదు. అయితే ఈ కథంతా ఏటిగట్టుకు అవతల ఉన్న మాగాణిది. గట్టు లోపల, పాయల నడుమ, ఆనకట్టకు ముందూ తర్వాతా కూడా కాలువ నీరు ఎరగకుండా బతికిన నేల ఇంకొకటి ఉంది. అవి లంకలు. బొబ్బర్లంక, కేదార్లంక, ఊడిమూడిలంక, అయోధ్యలంక, కనకాయలంక అంటూ గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల పొడవునా ఆ పేర్లు వినిపిస్తూనే ఉంటాయి. చరిత్రకారులు వీటిని ప్రస్తావించకపోలేదు. ఎన్ని ఎకరాలు, ఎంత శిస్తు, ఎవరి హక్కు అన్నంత వరకు రాశారు. లంక విలువ దాని విస్తీర్ణంలో లేదు, లోతులో ఉంది. ఇసుక మీద ఎన్ని అడుగుల గరప మన్ను పేరుకుందన్నదే అక్కడి పంటనూ వ్యాపారాన్నీ తగాదాలనూ తేల్చింది. ఎకరాలతో చదివినంత కాలం లంక చరిత్ర కాలువల చరిత్రకు ఒక చిన్న అనుబంధంగానే కనబడుతుంది. అడుగులూ అంగుళాలతో చదివితే అది వేరే చరిత్ర.

లోతు ఎలా వచ్చిందో ముందు చూడాలి. గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి, మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన నేలను కడుక్కుంటూ వస్తుంది. దక్కను పీఠభూమి నల్లరాతి నుంచి బంక వస్తుంది. ఇంద్రావతి, శబరి కలిసే వైపు నుంచి పాత స్ఫటిక శిలల ఇసుక, అభ్రకపు రేకులు, ఎర్రమన్ను వస్తాయి. జులై, ఆగస్టుల ఎర్రనీళ్లలో ఇవన్నీ కలిసే వస్తాయి గాని కలిసి దిగవు. నీటిలో సన్నటి రేణువు దిగే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం రెట్టింపైతే వేగం నాలుగింతలు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కంటే పెద్ద రేణువులు ఇసుక. అంతకు సన్నవి, మిల్లీమీటరులో ఐదువందలో వంతు దాకా, పిండిలాంటి ఒండ్రు. ఇంకా సన్నది బంక. జోరుగా పారే నీరు ఇసుకను వదులుతుంది, మందగించిన నీరు ఒండ్రును వదులుతుంది, నిలిచిపోయిన నీరు రోజుల తరబడి తీరిగ్గా బంకను వదులుతుంది. అందుకే వరద తీసేసరికి పాయ ఒడ్డున ఇసుక, కొంచెం లోపల గరప, నీళ్లు నిలిచే పల్లంలో బంక మిగులుతాయి. ఈ పనిలో గడ్డికీ వాటా ఉంది. నది మధ్య వట్టి ఇసుక తిప్ప తేలినప్పుడు దాని మీద మొదట నిలదొక్కుకునేది రెల్లు. దాని వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి, దుబ్బులు నీటి వడిని విరుస్తాయి. వడి తగ్గిన చోట ఒండ్రు దిగుతుంది. కొన్ని వరదలు గడిచాక తిప్ప ఎత్తు పెరిగి, పెద్ద వరదలు మాత్రమే ఎక్కే మెరక అవుతుంది. రైతు రెల్లు కొట్టి నాగలి దింపేది అప్పుడే.

కోతపడిన లంక గట్టు నిలువుగా తెగి ఉంటే ఈ లెక్కంతా అక్కడ కనిపిస్తుంది. పైన జానెడు, ఆ పైచిలుకు, దుక్కి పడిన గోధుమరంగు మన్ను. దానిలో వేళ్లు, వానపాముల బొరియలు. దాని కింద మెత్తటి ఒండ్రు, వేలితో గీస్తే పిండిలా రాలుతుంది. నడుమ నడుమ చాకొలెట్ రంగులో వేలెడు మందమైనా లేని బంక పొరలు, ఎండకు నిలువునా పగిలి ఉంటాయి. ప్రతి బంక పొరా ఒక వరద తాపీగా వెనక్కి తీసిన గుర్తు, దాని పైనున్న ఇసుక చార మరో వరద విసురుగా వచ్చిన గుర్తు. అన్నిటి అడుగున అభ్రకం మెరిసే ముతక ఇసుక. అది పాత తిప్ప. అయితే పొరలన్నిటినీ ఒకే రకంగా లెక్కపెట్టకూడదు. ఇవి వరద వేసిన పొరలు. నేల వయసు పెరిగే కొద్దీ వేళ్లూ పురుగులూ నాగళ్లూ కలిసి పై భాగంలో వీటిని కలియబెట్టేస్తాయి. వాన నీటితో సన్న బంక కిందికి జారి ఒకచోట చేరుతుంది. సున్నం కరిగి దిగి, లోతున గడ్డకడుతుంది. అప్పుడు ఏర్పడేవి వయసు వేసిన పొరలు. నది అడుగు కోసుకుంటూ కిందికి దిగిపోయిన చోట పాత ఒండ్రు వరదకు అందనంత ఎత్తున మెట్టులా మిగిలిపోతుంది. దాన్ని నదీ వేదిక అంటారు. అక్కడ రెండో రకం పొరలు స్పష్టంగా ఉంటాయి. కొత్త లంకలో మొదటి రకమే ఉంటాయి. లంక అంటే ఇంకా పసితనం వదలని నేల. దాని బలమూ బలహీనతా రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

గరప అంటే ఇసుక, ఒండ్రు, బంక ఏ ఒక్కటీ పెత్తనం చెయ్యని మన్ను. తడిపి అరచేతిలో ఉండచేస్తే ఇసుక విడిపోతుంది, రేగడి బంక వేళ్ల మధ్య పొడుగు నాడాలా సాగుతుంది. గరప ఉండ కడుతుంది గాని నాడా సాగకుండానే తెగుతుంది. దీనిలో మీటరు లోతు మన్ను మొక్కకు అందే నీటిని సుమారు 150 మిల్లీమీటర్ల దాకా దాచుకుంటుంది. అదే లోతు ముతక ఇసుక అందులో సగం కూడా దాచలేదు. లంకలో దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. సన్న మన్ను కింద ముతక ఇసుక ఉంటే పై పొర దాదాపు నిండేదాకా నీరు కిందికి జారదు. సన్నటి సందుల్లో పట్టి ఉన్న నీటిని ముతక ఇసుకలోని పెద్ద సందులు లాక్కోలేవు. అందువల్ల ఇసుక మీద పరిచిన మూడడుగుల గరప, అడుగు దాకా గరపే ఉన్న నేలలోని పై మూడడుగుల కంటే ఎక్కువ తడిని పట్టి ఉంచుతుంది. మరీ నిండితే మిగులు కింది ఇసుకలోకి పోతుంది, వేరు కుళ్లదు. వరద తీసిన అక్టోబరులో నాటిన పంట చలికాలమంతా ఆ తడి మీద ఎదుగుతుంది. చాలకపోతే చెలమ తవ్వితే కింది ఇసుకలో నీరు దొరుకుతుంది, కుండలతో మొక్క మొక్కకూ పోసుకోవచ్చు. కాలువ అక్కర్లేని వ్యవసాయం ఇది. ఇంకా చెప్పాలంటే కాలువ పనికిరాని వ్యవసాయం. వరికి కావలసినట్టు నీటిని పైన నిలబెట్టే గుణం ఈ మన్నుకు లేదు.

ఈ మన్ను మీద వచ్చిన పంటల్లో పేరుమోసింది లంక పొగాకు. పోర్చుగీసువారి ఓడల్లో దేశానికి వచ్చిన మొక్క గోదావరి లంకల్లో చుట్టాకుగా స్థిరపడింది. ఆకును కోసి, పందిళ్ల కింద తోరణాలుగా వేలాడదీసి, ఆరాక మండెకట్టి తిరగవేస్తూ మాగబెట్టి తయారుచేసిన ఈ సరుకు కాకినాడ రేవు నుంచి బర్మాకు చుట్టల తయారీకి వెళ్లేది. 1907లో ఎఫ్.ఆర్. హెమింగ్‌వే గోదావరి జిల్లా గెజిటీరు రాసేనాటికి లంక ఆకు అంటే అదొక రకం పేరుగానే చలామణీ అవుతోంది. ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. ఆ పేరు మన్నుది కాదు, పనివాళ్ల చేతులది, విత్తనానిది, మాగబెట్టే నేర్పుది అనవచ్చు. నేర్పును తీసిపారెయ్యడానికి లేదు. అయితే నేర్పున్న మనిషి గట్టు దాటి అవతలి రేగడిలోకీ పోగలడు, విత్తనాన్నీ తీసుకుపోగలడు. ఆకు మాత్రం దాటలేదు. పొగాకు నిలకడగా కాలాలంటే ఆకులో పొటాష్ ఎక్కువ, క్లోరైడ్ తక్కువ ఉండాలి. అభ్రకం కలిసిన ఒండ్రులో పొటాష్ ఉంది. ఏటేటా మంచినీటి వరద కడిగి, మిగులు నీరు కింది ఇసుకలోకి ఇంకిపోయే నేలలో ఉప్పు పోగుపడదు. సముద్రపు పోటు ఎక్కే దిగువ లంకలు ఎంత మంచి ఒండ్రువైనా ఈ ఆకుకు పనికిరాకపోవడం దీనికి సాక్ష్యం. 1920ల్లో వర్జీనియా పొగాకు వచ్చినప్పుడు అది గుంటూరు వైపు నల్లరేగళ్లలో తన చోటు చూసుకుంది, చుట్టాకు లంకల్లోనే ఉండిపోయింది. ఒకే మొక్కలోని రెండు రకాలు, రెండు మన్నులు, రెండు వ్యాపారాలు.

మన్ను గొప్పదని చెబుతూ ఒక అపోహనూ మోసుకుపోనక్కర్లేదు. ఏటా వరద తెచ్చే ఒండ్రే ఎరువు, లంక రైతుకు ఎరువు ఖర్చే లేదు అనే మాట చాలాచోట్ల కనిపిస్తుంది. ఒండ్రులో పొటాష్ ఉంటుంది, సున్నం ఉంటుంది గాని నత్రజని తక్కువ, సేంద్రియ పదార్థం ఇంకా తక్కువ. పసినేల కదా, ఆకూ అలమా కుళ్లి చేరడానికి దానికి వ్యవధి ఏదీ? పొగాకు లంకల్లో గొర్రెల మందలు కట్టడం, బండ్లకొద్దీ పశువుల గెత్తం తోలడం అనాదిగా ఉన్న పద్ధతి. నది ఇచ్చింది ఇల్లు అనుకుంటే సామాను రైతు తెచ్చుకున్నదే. ఎరువుతో తీరే లోటు ఎక్కడైనా తీర్చుకోవచ్చు. ఇసుక మీద గరప పొరను మాత్రం ఏ బండితోనూ తోలలేం. లంకను విలువైనదిగా చేసింది దాని సారం కంటే దాని అమరిక.

ఇక పెద్ద అభ్యంతరానికి వస్తాను. డెల్టా సంపదంతా ఆనకట్ట పెట్టిన భిక్షే అయినప్పుడు, నాలుగు లంకల పొగాకుకు వేరే చరిత్ర ఎందుకు అని. విస్తీర్ణం ప్రకారం ఈ వాదన నెగ్గుతుంది. లక్షల ఎకరాల వరి ముందు లంకలు ఎంత? కాని ఆ ఆనకట్ట ఎక్కడ నిలబడిందో చూడండి. కాటన్ దాన్ని ఒక్క గోడగా కట్టలేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, నడుమ పిచ్చుకలంక, బొబ్బర్లంక వంటి లంకలు. ఆరు కిలోమీటర్ల వెడల్పున్న నదిలో రాతికట్టు మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు, మిగతా అడ్డం లంకలే నిలిచి భరించాయి. 1970ల్లో మొదలై 1982లో ముగిసిన 175 తలుపుల కొత్త బ్యారేజీ కూడా ఆ నాలుగు చేతుల అమరికనే అనుసరించింది. మరో సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. కాలువలతో పాటే ఏటిగట్లు బలిశాయి. అంతకు ముందు పెద్ద వరద డెల్టా అంతటా పరుచుకుని పల్చగా ఒండ్రు వేసేది. గట్లు పడ్డాక అవతలి పొలానికి కాలువ నీటితో వచ్చే ఒండ్రే దిక్కయింది. ఆనాటి ఇంజనీర్లు దాన్నీ లాభాల పద్దులో రాసుకున్నారు. వరదా, దాని మన్నూ గట్ల మధ్యకు కుదించుకుపోయాయి. అంటే లంక ఇవాళ ఉన్న తీరులో లంకగా మిగలడం కూడా ఆనకట్ట యుగపు పర్యవసానమే. నీటి చరిత్రలో సగం పేజీలు మన్ను దగ్గర మొదలుపెట్టి రాయవలసినవి.

సర్కారు ఈ మన్నును ఎలా కొలిచిందన్నది ఈ చరిత్రలో విచిత్రమైన భాగం. మద్రాసు సెటిల్మెంటు అధికారులు నేలకు తరం కట్టేటప్పుడు రేగడి, ఎర్రనేల, ఇసుక నేల అని వర్గాలు చేసి, ఒక్కో వర్గంలో బంక, గరప, ఇసుక అని విడదీశారు. నదీ ఒండ్రును మామూలు వరుసలో ఇమడ్చలేక వేరుగా పెట్టారు. మంచి ఆలోచనే. అయితే తరం కట్టేది పైమన్ను చూసి. ఒక్క వరద చాలు, పైన జానెడు ఇసుక పడి తరం తారుమారయ్యేందుకు. అందుకే చాలా లంకలకు శాశ్వత పట్టాకు బదులు కొన్నేళ్లకోసారి వేలంపాట పెట్టి కౌలుకిచ్చే పద్ధతి వచ్చింది. సర్కారు తరఫున ఇది తెలివైన ఏర్పాటు. నేల కోసుకుపోతే నష్టం పాటదారుది, పెరిగితే వచ్చే పాటలో లాభం సర్కారుది. రైతు తరఫున చూస్తే, మూడేళ్లో ఐదేళ్లో చేతిలో ఉండే నేలకు ఏడాదిలో ఫలితమిచ్చే గెత్తం వేస్తాడు గాని, గట్టు కోతపడకుండా రెల్లూ వెదురూ నాటి పదేళ్లు కాపు కాయడు. కౌలు గడువు పొట్టిదైతే నేల మీద చూపూ పొట్టిదవుతుంది. పొగాకు లంకల్లో నిలదొక్కుకోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. అది ఆరు నెలల పంట.

ఇక హక్కుల తగాదాలు. నది ఒక ఊరి ఒడ్డును కోసి ఎదురొడ్డున లంక వేస్తే అది ఎవరిది? నేల నెమ్మదిగా, కంటికి తెలియనంత మెల్లగా చేరితే ఒడ్డు యజమానిదే అన్నది ఇంగ్లండు నదులకు సరిపోయిన సూత్రం. ఒక్క వరదలో వందల ఎకరాలు మార్చేసే నదుల దగ్గర ఆ 'మెల్లగా'ను సాగదియ్యక తప్పలేదు. గంగా తీరపు భాగల్పూరు వ్యాజ్యంలో 1870లో ప్రివీ కౌన్సిలు ఇచ్చిన తీర్పు ప్రకారం, మునిగిన నేల అదే చోట మళ్లీ తేలితే పాత యజమాని హక్కు పోదు. న్యాయంగా వినిపించే మాటే. అయితే 'అదే చోట' అన్నది పటం మీద చోటు. మునిగినప్పుడు మూడడుగుల గరప ఉండి, తేలినప్పుడు వట్టి ఇసుక దిబ్బగా తేలితే, చట్టం కళ్లకు అది అదే నేల. రైతు కళ్లకు అది రెల్లు మొలవడం దగ్గర నుంచి మళ్లీ మొదలు కావలసిన నేల. పట్టాలో హద్దులుంటాయి, అడుగు ఉండదు.

నది తీసుకున్నా మళ్లీ ఇస్తుంది, తొందరేముంది అనేవారికి రెండు జవాబులు. ఒకటి, పెద్ద వరద ఎప్పుడూ మంచి మన్నే తెస్తుందన్న హామీ లేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరి, ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులు దిగినప్పుడు లంకల మీద నీరు పరుగెత్తింది. పరుగెత్తే నీరు ఇసుక వేస్తుంది, గట్టు కోస్తుంది. లంకకు మేలు చేసేవి మధ్యస్థపు వరదలు, ఎక్కి, నిలిచి, మెల్లగా తీసేవి. రెండు, నది దగ్గర ఇప్పుడు ఇవ్వడానికి అంత లేదు. 1970ల నుంచి జైక్వాడీ, శ్రీరాంసాగర్ మొదలుకొని ప్రధాన నది మీదా ఉపనదుల మీదా వరసగా కట్టిన జలాశయాలు ఒండ్రును పట్టేశాయి. సముద్రం దాకా చేరే ఒండ్రు అప్పటితో పోలిస్తే సగం కంటే తక్కువకు పడిపోయింది. డెల్టా ముఖం దగ్గర తీరం కోతపడటానికి పరిశోధకులు చెప్పే ముఖ్య కారణం ఇదే. అప్పు తీర్చే నది పద్దు ఇలా ఉండగా మనం తవ్వే పద్దు పెరిగింది. రాజమండ్రి చుట్టుపక్కల ఇటుక బట్టీలకు కావలసింది కూడా గరపే. మరీ బంకైతే కాల్చినప్పుడు ఇటుక పగులుతుంది, మరీ ఇసుకైతే నిలవదు. అంటే పంటకు ఏ మన్ను మేలో బట్టీకీ అదే మేలు. మీటరు మన్ను ఎత్తేస్తే ఎకరం ఎకరంగానే ఉంటుంది, అడంగల్‌లో ఒక్క సెంటూ తగ్గదు. పోయింది ఇసుక మీది మూత. ఆ పైన చెలమ నీరు ఎంత దగ్గరైనా పంట నిలవదు.

లోతును లెక్కలోకి తీసుకునే సర్కారీ నిబంధన అసలే లేదనలేం. విపత్తు సహాయ నిధి నియమాల్లో వరద తర్వాత పొలంలో మేట తొలగించుకోవడానికి రైతుకు సాయం ఉంది. మేట మందం 3 అంగుళాలు దాటాలి, అధికారి ధ్రువీకరించాలి. అంగుళాల్లో నేలను కొలిచిన అరుదైన పత్రం అది. కాని అందులో ఇసుకనూ ఒండ్రునూ ఒకే గాటన కట్టారు. లంకలో 3 అంగుళాల ఇసుక పడితే అరటి తోట ఆ ఏటికి పోయినట్టే, ఎత్తిపోసుకోవాలి. 3 అంగుళాల ఒండ్రు పడితే ఏ లంక రైతూ దాన్ని ఎత్తిపోయడు, దున్ని విత్తనం వేస్తాడు. ధ్రువీకరించడానికి వచ్చిన అధికారి పిడికెడు మన్ను తడిపి ఉండచేసి చూస్తే రెండూ వేరని తెలిసిపోతుంది. నియమం మాత్రం ఆ పరీక్ష అడగదు, మందం ఒక్కటే అడుగుతుంది.